రెండు పుంజులు, ఒక బరి

మా అమ్మ పుట్టిల్లు మాచర్ల. నాన్నది గురజాల. బయటివాళ్లకు ఇందులో విశేషమేమీ కనపడదు గానీ, పల్నాడు వాళ్లు వినగానే నవ్వుతారు. 12వ శతాబ్దం చివర అనుగురాజు కొడుకులు విడిపోయినప్పుడు నలగామరాజుకు గురజాల మిగిలింది, మలిదేవరాజు మాచర్లకు వెళ్లాడు. ఇక్కడ మంత్రి నాగమ్మ, అక్కడ మంత్రి బ్రహ్మనాయుడు. చివరికి కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, అంతా కొట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ యుద్ధం నా చిన్నతనం దాకా నడిచింది.

ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ గురజాల వచ్చేది. సాయంత్రం నాపరాళ్ల అరుగు మీద బిందెడు నీళ్లు చల్లి, ఆవిరి పోయాక ఇద్దరు ముసలమ్మలూ కూర్చునేవాళ్లు. వియ్యపురాళ్లు కదా, మాటలు మర్యాదగానే మొదలయ్యేవి.

"బ్రహ్మనాయుడంటే సామాన్యుడా వదినా! కులం గిలం చూడకుండా అందర్నీ ఒక్క చాప మీద కూచోబెట్టి కూడు పెట్టినోడు" అనేది అమ్మమ్మ.

నాయనమ్మ తమలపాకు ఈనె తీస్తూ, "పెట్టాడులే వదినా. ఆడమనిషి మంత్రయి కూచుంటే మాత్రం ఒక్కడికీ నిద్దర పట్టలా" అనేది.

"కోడిపందెంలో మోసం చెయ్యలా ఆ నాగమ్మ?"

"పందెం ఒప్పుకున్నోడికి బుద్ధుండొద్దూ? రాజ్యం తీసుకెళ్లి కోడి కాలికి కట్టాడు."

ఇద్దరూ ఆ కథ చదివినవాళ్లు కాదు, విన్నవాళ్లు. ఒకరి మాటకు బదులు చెప్పాలంటే రెండోవాళ్లు కథలోకి వెళ్లి కొత్త సంగతి ఒకటి పట్టుకురావాల్సి వచ్చేది. అట్లా పోట్లాడుకుంటూ వాళ్లు బయటికి తీసినన్ని సంగతులు నాకు తరవాత ఏ పుస్తకమూ ఒక్కచోట చూపించలేదు.

ఇది సాహిత్య విమర్శ అని నాకు అప్పుడు తెలీదు. ఎం.ఏ.లో చేరాక కూడా తెలీలేదు. "సాహిత్య విమర్శ సిద్ధాంతాలను తులనాత్మకంగా పరిశీలించండి" అని ప్రశ్న వస్తే గైడు బట్టీపట్టి ఎనిమిది పేరాలు రాశాను. రసవాదం ఒక పేరా, ధ్వని ఒక పేరా, మార్క్సిజం ఒకటి, స్త్రీవాదం ఒకటి, అట్లా ఎనిమిది. చివర "కావున అన్ని సిద్ధాంతాలూ తమతమ స్థానాల్లో ముఖ్యమైనవే" అని ముగించి, పరీక్ష బాగా రాశానని హోటల్లో నెయ్యి దోసె తిన్నాను. ఇరవైకి తొమ్మిది వచ్చాయి. మాస్టారు ఎర్రసిరాతో అంచున ఒక్క వాక్యం రాశారు: ఎనిమిదిమంది చుట్టాలను పరిచయం చేశావు, ఒక్కరితో ఒక్కరిని మాట్లాడనివ్వలేదు.

అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు ఇరవై ఏళ్లుగా పిల్లల పేపర్లు దిద్దుతూ అదే మాట నేనూ రాస్తున్నాను.

మన వైపు పుంజుల్ని గంప కింద మూసిపెడతారు. రెండు గంపలు పక్కపక్కన చూసొచ్చి "పందెం చూశాను" అంటే ఊళ్లో నవ్వుతారు. గంపలెత్తి రెండింటినీ ఒకే బరిలోకి వదిలితేనే పందెం. సిద్ధాంతాలను పోల్చడమూ అంతే. రెండు సిద్ధాంతాలు, ఒక చిన్న ఘట్టం. ఆ ఘట్టంలో ఏ మాట దగ్గర అవి ఒకదాన్నొకటి ఒప్పుకోవో వెతికిపట్టుకుని అక్కణ్నుంచి రాయడం మొదలుపెట్టాలి. (నిజం పందేలు చట్టం ప్రకారం నేరం. కాగితం మీద పందేనికి ఏ పోలీసూ రాడు.)

బరి చిన్నది చేసుకోండి

పిల్లలు చేసే మొదటి పొరపాటు బరిని మరీ పెద్దది చేసుకోవడం. "పల్నాటి వీరచరిత్ర: స్త్రీవాద దృక్పథం" అని శీర్షిక పెట్టేసి, ఏ ఘట్టం మీదా నిలవకుండా నలభై పేజీలు నడిపిస్తారు. మీరు ఒక్క ఘట్టం తీసుకోండి, పది నిమిషాల్లో నోటితో చెప్పగలిగేంతది. నేను తరగతిలో ఎప్పుడూ తీసుకునేది బొంగరాల ఆట.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు కుర్రవాడు. పెద్దలంతా కారంపూడి కదనానికి వెళ్లారు. ఆ సంగతి కొడుకు చెవిన పడకుండా తల్లి ఐతమ్మ దాచింది. పిల్లవాడు తోటివాళ్లతో బొంగరాలాడుతున్నాడు. తాడు చుట్టి విసిరిన బొంగరం దారి తప్పి, అటుగా వెళ్తున్న అన్నమ్మ అనే కోమటి పిల్ల కాలికి తగిలింది. బొంగరం అడుగున ఇనుప ములికి ఉంటుంది కదా, కాలు చిట్లి నెత్తురు కారింది. ఆ బాధలో ఆ పిల్ల ఒక మాట అంది: మీవాళ్లంతా అక్కడ యుద్ధంలో ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా? బాలచంద్రుడికి యుద్ధం సంగతి తెలిసింది అట్లా. ఇక ఆగలేదు.

ఇంతే ఘట్టం. మొదటి పుంజును వదలండి.

రసవాది ఈ ఘట్టం చూడగానే సంతోషిస్తాడు. వీరరసానికి స్థాయీభావం ఉత్సాహం. శత్రువు ఆలంబన విభావం. ఉత్సాహాన్ని రగిలించేందుకు ఉద్దీపనం ఒకటి కావాలి. కవి దాన్ని రాజుల సభలోనో, దూత నోటో పెట్టకుండా ఆటలో పెట్టాడు, ఆడపిల్ల నోట పెట్టాడు. అప్పటిదాకా తల్లి చాటు వాత్సల్యం, పిల్లల ఆట. ఒక్క నెత్తుటి చుక్కతో రంగు మారింది. ఔచిత్యం అంటే ఇదీ అంటాడు. ధ్వని సిద్ధాంతం చెప్పిన 9వ శతాబ్దపు ఆనందవర్ధనుడి శిష్యుడెవరైనా పక్కనుంటే ఇంకో మాట కలుపుతాడు: బొంగరం తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది, ఈ పిల్లవాడూ అంతే. కవి ఆ మాట పైకి అనలేదు, బొంగరంతోనే స్ఫురింపజేశాడు. అన్నమ్మ కాలి నెత్తురు రాబోయే కారంపూడి నెత్తురుకు సూచన.

ఇది బలమైన చదువు. దీన్ని తేలిగ్గా తీసెయ్యకండి.

రెండో పుంజు. తెలుగులో 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పటినుంచీ స్త్రీవాదం ఇక్కడ తరగతి గదుల్లో మాట్లాడుకునే విషయమైంది. స్త్రీవాది ఈ ఘట్టం చదివి ఒకే ప్రశ్న వేస్తుంది: అన్నమ్మ ఏమైంది? కాలు పగిలింది ఆమెకు, కథ నడిచింది బాలచంద్రుడితో. ఆమె నెత్తురు ఇంకొకరి పౌరుషానికి వంటచెరకయింది. ఆమెకు పేరుంది, నొప్పి ఉంది, నోట ఒక మాట ఉంది. ఆ మాట అయిపోగానే ఆమె పని అయిపోయింది.

ఇక్కడ ఆగండి. రెండు పుంజులూ ఎక్కడ కలబడ్డాయో చూశారా? ఉద్దీపన విభావం అన్న మాట దగ్గర. రసవాదికి అన్నమ్మ ఉద్దీపనం. స్త్రీవాదికి అన్నమ్మ మనిషి. రసవాది దృష్టిలో ఆమె వెంటనే కనుమరుగు కావడం శిల్పం. ఆమె అక్కడే నిలబడి కాలు చూసుకుంటూ ఏడుస్తుంటే ఉత్సాహం చల్లారి కరుణ పుడుతుంది, వీరం చెడుతుంది. స్త్రీవాది దృష్టిలో సరిగ్గా అదే నేరం. ఒకే సంగతిని ఒకరు గుణమంటున్నారు, ఇంకొకరు దోషమంటున్నారు. మీ వ్యాసంలో మొదటి వాక్యం ఈ సంగతి మీద ఉండాలి. "రసవాదం భరతుడితో మొదలైంది" అన్నది మొదటి వాక్యం కాకూడదు.

కలబడ్డాక ఏమవుతుంది? గెలుపోటములు తేల్చాల్సిన పని లేదు. కలబడిన చోట నిలబడి కథ మొత్తాన్ని ఒకసారి తిరిగి చూడాలి. నేను అట్లా చూసినప్పుడు దొరికింది చెబుతాను. అన్నమ్మ ఒక్క మాట అని పక్కకు తప్పుకుంటుంది. బాలచంద్రుడి భార్య మాంచాల, ఎన్నాళ్లకో ఇంటికొచ్చిన మొగుణ్ణి ఆపుకోకుండా యుద్ధానికి పంపి పక్కకు తప్పుకుంటుంది. ఇద్దరూ జనం నోట మంచివాళ్లే. ఐతమ్మ కొడుకును ఆపాలని చూసింది, నెగ్గలేకపోయింది, ఆమెమీద జాలి మిగిలింది. ఒక్క నాగమ్మ మాత్రం మాటతో సరిపెట్టుకోలేదు. తానే సభలో కూర్చుంది, తానే ఎత్తులు వేసింది, తానే యుద్ధం నడిపింది. కథ ఆమెనొక్కదాన్నే క్షమించలేదు. మగవాణ్ణి యుద్ధానికి పురికొల్పిన ఆడది పూజ్యురాలు, తానే యుద్ధం చేసిన ఆడది మాయలమారి. రసవాదం ఒక్కటే చదివితే ఇది నాకు తట్టేది కాదు. స్త్రీవాదం ఒక్కటే చదివినా నాగమ్మ దగ్గర ఆగేదాన్ని గానీ, అన్నమ్మ తప్పుకోవడంలో ఉన్న పనితనం చూసేదాన్ని కాదు. ఆ పనితనం కనపడ్డాకే నాగమ్మకు జరిగిందేమిటో అర్థమైంది. మా నాయనమ్మ తమలపాకు ఈనె తీస్తూ అన్నది ఇదే, కాకపోతే ఆమెకు ఇరవైకి ఎంత వేస్తారో తెలీదు.

అవతలివాడు తలూపేలా చెప్పండి

ఒక్క నియమం మాత్రం కచ్చితంగా పాటించండి. ఏ సిద్ధాంతాన్ని మీరు వ్యతిరేకించబోతున్నారో దాన్ని ఆ సిద్ధాంతంవాడు విని "అవును, నేననేది అదే" అని తలూపేలా ముందు చెప్పాలి. కాలు కట్టేసిన పుంజును బరిలో వదిలి గెలిచామంటే ఎవరూ ఒప్పుకోరు.

పేపర్లలో ఎక్కువగా కనపడే వాక్యాలు మూడు. "రసవాదులు సమాజాన్ని పట్టించుకోరు." "మార్క్సిస్టులకు అంతా డబ్బే." "స్త్రీవాదులు ప్రతిచోటా మగవాణ్ణి తిడతారు." మూడూ కాళ్లు కట్టేసిన పుంజులే. రసవాదంలో సాధారణీకరణం అనే భావన ఉంది: సొంత కష్టం కాని కష్టానికి మనిషి ఎందుకు కరుగుతాడు అనే ప్రశ్నకు అది సమాధానం. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలైతే ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వరసగా నడుస్తాయి. వీర్లగుడి ముందు జనం కిక్కిరిసి, ఎనిమిది వందల ఏళ్ల కిందటి చావులకు కళ్లు తుడుచుకుంటారు. ఎందుకు తుడుచుకుంటారో రసవాదం చెప్పినంత బాగా ఇంకే వాదమూ చెప్పలేదని నా అభిప్రాయం. సమాజాన్ని పట్టించుకోకపోవడం అంటే ఇదేనా?

ఒకే మనిషిలో రెండు పుంజులు

పల్నాడులోనే పుట్టిన విమర్శకుడు అక్కిరాజు ఉమాకాంతం గురించి పిల్లలకు చెబితే నమ్మరు. గుత్తికొండ వాడు, 1889లో పుట్టాడు. గుత్తికొండ అంటే యుద్ధమైపోయాక బ్రహ్మనాయుడు వెళ్లిపోయాడని చెప్పుకునే బిలం ఉన్న ఊరు. ఉమాకాంతం పేరు చెప్పగానే సాహిత్యం చదివినవాళ్లకు గుర్తొచ్చేది 1928 నాటి 'నేటికాలపు కవిత్వం'. సంస్కృత అలంకారశాస్త్రం కొలతబద్దగా పెట్టుకుని ఆ రోజుల భావకవిత్వాన్ని ఉతికి ఆరేసిన పుస్తకం అది. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' వచ్చి మూడేళ్లే అయింది. కుర్రకారంతా ఆ పాటల మత్తులో ఉంది. అప్పుడీయన వచ్చి ఇది కవిత్వం కాదు పొమ్మన్నాడు.

ఆ పోట్లాటలో కలబడింది ఎక్కడ? కవి సొంత వేదన కవిత్వానికి సరిపోతుందా అన్న దగ్గర. భావకవికి తన ఏడుపే కవిత్వానికి ప్రమాణం. ఉమాకాంతానికి ఎవరి ఏడుపైనా అందరిదీ అయ్యేదాకా కవిత్వం కాదు. భావకవి వైపు నుంచి చూస్తే ఉమాకాంతం చాదస్తుడు. ఉమాకాంతం వైపు నుంచి చూస్తే భావకవి అద్దం ముందు నిలబడ్డవాడు. నాకు కృష్ణశాస్త్రి అంటే ప్రాణం. అయినా ఉమాకాంతం ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ ఫోన్లో రోజుకు పది కవితలు వస్తాయి, అన్నీ "నేను" తోనే మొదలవుతాయి. ఆ ప్రశ్న ఇంకా పాతబడలేదనిపిస్తుంది.

నాకు ఆసక్తి కలిగించేది మాత్రం ఇంకొకటి. ఇదే ఉమాకాంతం 1911లో, ఇరవై రెండేళ్ల వయసులో, పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించాడు. శ్రీనాథుడి పేరుమీద ప్రచారంలో ఉన్న ద్విపద కావ్యం అది. పండితులు ద్విపదను పెద్దగా ఖాతరు చేసే రోజులు కావవి. ముసలివాళ్లు పాడుకునే ఛందస్సనీ, ఆడవాళ్ల పాటలనీ చప్పరించే కాలం. అట్లాంటప్పుడు అలంకారశాస్త్రం కంఠతా వచ్చిన కుర్రవాడు, ఎవరూ పట్టించుకోని తన ఊరి కథను దుమ్ము దులిపి తెచ్చి ఇదీ కావ్యమే అన్నాడు. 1928లో కొలతబద్దతో కొట్టిన చెయ్యే 1911లో ఆ కొలతబద్దకు లొంగని కథను ఎత్తుకుంది. రెండు పుంజుల్ని ఒకే గంప కింద పెంచాడు. ఆ రెండూ ఆయనలో ఎప్పుడైనా కలబడ్డాయా అని నేను చాలాసార్లు అనుకుంటాను.

కలబడి ఉంటే ఎక్కడ కలబడి ఉండేవో నాకో ఊహ ఉంది. పునరుక్తి దగ్గర. అలంకారికుడికి పునరుక్తి దోషం, ఒకసారి చెప్పింది మళ్లీ చెబితే మార్కులు తీసేస్తాడు. వీరగాథ పాడే గాయకుడికి పునరుక్తే ఊపిరి. పల్నాటి వీరుల కథను తరతరాలుగా పాడేది వీరవిద్యావంతులు. పుస్తకం చూసి పాడరు. పాడుతూనే తరవాతి పాదం కట్టుకుంటారు. తిప్పి పాడే పాదం గాయకుడికి ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. వెనక కూర్చున్న ముసలాయనకు వినపడని ముక్క రెండోసారి వినపడుతుంది. 1930లలో మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ యుగోస్లావియా పల్లెల్లో తిరిగి వీరగాథలు పాడేవాళ్లను రికార్డు చేశారు. లార్డ్ 1960లో అచ్చు వేసిన పుస్తకంలో దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు: పాడే మనిషికి సిద్ధంగా ఉన్న పదబంధాలే పనిముట్లు, వాటిని దోషాలుగా చూడకూడదు. తరవాత మన దగ్గరికే ఒకాయన వచ్చాడు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ అలిసెట్టి గాలెయ్య పాడగా విన్న పల్నాటి వీరుల కథను ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ప్రచురించాడు. ఆ పుస్తకం తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది: అచ్చయిన ద్విపద ఒక కథ, గాలెయ్య గొంతు ఒక కథ. "దీని కర్త శ్రీనాథుడా కాదా" అని మనం వందేళ్లు వాదించుకున్నాం. వీరవిద్యావంతుల వైపు నుంచి చూస్తే ఆ ప్రశ్నకే అర్థం లేదు. పాడినవాడే ఆ రాత్రికి కర్త.

చాప మీద కూర్చున్నది ఎవరు

అమ్మమ్మ చెప్పిన ఆ చాపకూడు దగ్గర ఇంకో పోట్లాట ఉంది, చిన్నగా చెప్పి వదిలేస్తాను. మార్క్సిస్టు అడుగుతాడు: అందరూ కలిసి తిన్నారు సరే, భూమి ఎవరిది, మందలు ఎవరివి? ఉత్సవాల్లో మూడో రోజు మందపోరు అని ఉంది చూశారూ, పశువుల కోసం జరిగిన పోరు అది. రెండు రాజ్యాల మధ్య పౌరుషం కింద పచ్చిక ఉందంటాడు. ఒక్క చాప మీద తిన్నవాళ్లు ఒక్క బరిలో చావడానికి సిద్ధపడతారు, అది నాయకుడికి లాభం అంటాడు.

దళిత విమర్శకుడు ఇక్కడ మార్క్సిస్టును ఆపుతాడు. మీరంతా చాప వేసినవాడి గురించే మాట్లాడుతున్నారు, చాప మీద కూర్చున్న కన్నమదాసు గురించి ఎవరైనా మాట్లాడారా? బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న మాల వీరుడు, సేనాని. అతనికి అధికారం దక్కిందా, విధేయత దక్కిందా? ఇంతలో ఇంకో మెలిక. ఈ కథను బతికించింది ఎవరు? పాడే వీరవిద్యావంతులు మాలలే. కాబట్టి కన్నమదాసు కథలో ఒక పాత్ర, కథకు గొంతు ఇచ్చినవాళ్లకు పూర్వికుడు కూడా. పాడేవాడు తనవాణ్ణి ఎక్కడ ఎత్తాడు, ఎక్కడ తగ్గించాడు? దీనిమీద ఒక పిల్లాడు నాకు మూడు పేజీలు రాసిచ్చాడు. అందులో ఇరవైకి పదహారు వేశాను. నా జీవితంలో నేను అంత వేసింది తక్కువ.

కవిని గుమ్మం బయట నిలబెట్టొచ్చా

వీరచరిత్ర పాతది, పల్నాడు వాళ్లకే దగ్గరిది అనుకుంటే, వినుకొండ వెళదాం. 1895లో గుర్రం జాషువా అక్కడ పుట్టాడు. 'గబ్బిలం' 1941 నాటిది. ఆకలితో ఉన్న ఒక దళితుడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. ఆ ఒక్క ఊహకే జాషువాకు దణ్ణం పెట్టొచ్చు.

దీనిమీద వదలాల్సిన పుంజులు ఇవి. 1940లలో అమెరికాలో నవ్య విమర్శకులు బలంగా చెప్పిన మాట ఒకటి ఉంది: కవి ఏమనుకుని రాశాడో మనకు అనవసరం, అక్షరాల్లో ఉన్నదే చదవాలి. విమ్సాట్, బియర్డ్స్‌లీ 1946లో దీనిమీద వ్యాసం రాశారు. 1967లో ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ ఇంకో అడుగు వేసి రచయిత చచ్చిపోయాడు పొమ్మన్నాడు. ఈ పద్ధతిలో 'గబ్బిలం' చదివితే కాళిదాసు 'మేఘసందేశం' పక్కన పెట్టాలి. అక్కడ విరహం, ఇక్కడ ఆకలి. అక్కడ ఆకాశంలో పోయే మేఘం, ఇక్కడ తలకిందులుగా వేలాడే గబ్బిలం. యక్షుడిది ఏడాది శిక్ష, ఇతనిది పుట్టుకతో వచ్చిన శిక్ష. కవి ఎవరో తెలియకపోయినా ఈ వ్యంగ్యం మొత్తం అందుతుంది. చాలా అందమైన చదువు.

దళిత విమర్శ దీనికి ఎదురు వేసే ప్రశ్న: కవి ఎవరో తెలియకపోవడం అనేది ఎవరికి సాధ్యం? జాషువాను బతికినంతకాలం ఆయన పుట్టుక చూసే సభల్లో కూర్చోబెట్టారు, లేదా కూర్చోనివ్వలేదు. చదివేటప్పుడు మాత్రం పుట్టుక మర్చిపోదాం అనడం పెద్దమనిషి తరహా అంటరానితనం. రచయిత చచ్చిపోయాడని చెప్పగలిగేది, బతికుండగా మనిషిగా గుర్తింపు దక్కినవాళ్ల గురించేనని వాళ్ల వాదం.

ఇక్కడ కలబడ్డ చోటు 'గబ్బిలం' అన్న మాటే. నవ్య విమర్శకుడికి అది మేఘానికి ఎదురు పెట్టిన ప్రతీక. దళిత విమర్శకుడికి అది అంటరాని ప్రాణి, జనం అపశకునంగా చూసేది, అయినా గుడి దూలానికి వేలాడేది. తరగతిలో ఈ చోటుకు రాగానే నేను మాట్లాడటం మానేస్తాను. పిల్లలు మాట్లాడతారు. ముందు బెంచీవాళ్లకంటే వెనక బెంచీవాళ్లు ఎక్కువ మాట్లాడే రోజు అదొక్కటే.

ఇక చేతికి పని

తెల్లకాగితాల పుస్తకం ఒకటి కొనండి. గీతల పుస్తకం వద్దు, గీతలుంటే చెయ్యి దానంతట అదే పేరాలు రాస్తుంది. తెరిచినప్పుడు ఎదురెదురుగా రెండు పేజీలు వస్తాయి కదా, ఎడమ పేజీ మొదటి పుంజుకు, కుడి పేజీ రెండో పుంజుకు. ఘట్టాన్ని మూడు నాలుగు వాక్యాల్లో మీ మాటల్లో పైన రాసుకోండి. ఎడమ పేజీ ఇరవై నిమిషాలు, కుడి పేజీ ఇరవై నిమిషాలు. ఎడమ పేజీ రాసేటప్పుడు కుడివైపు వాదాన్ని మనసులోకి రానివ్వకండి. కష్టం, తెలుసు. మొదటి నెలంతా మీకిష్టమైన పేజీ నిండుతుంది, రెండోది ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉందంటే ఆ సిద్ధాంతం మీకు ఇంకా తెలీదని, తెలిసినట్టు నటిస్తున్నారని. సిగ్గుపడాల్సిన పని లేదు. వెళ్లి ఇంకో వ్యాసం చదివి రండి.

రెండూ నిండాక మాత్రం పెన్ను రంగు మార్చండి. రెండు పేజీల్లోనూ ఉన్న మాట ఒకటి వెతకండి. ఒకవైపు మెచ్చుకుంటూ, ఇంకోవైపు తప్పుబడుతూ ఉన్న మాట. 'ఉద్దీపనం', 'పునరుక్తి', 'చాప', 'గబ్బిలం' లాంటిది. దాని చుట్టూ సున్న చుట్టండి. అట్లాంటి మాట దొరక్కపోతే మీ రెండు పుంజులూ వేరే వేరే బరుల్లో తిరుగుతున్నట్టు లెక్క. సిద్ధాంతాన్ని మార్చకండి, ఘట్టాన్ని మార్చండి. దొరికితే ఆ మాట మీదే వ్యాసం మొదలుపెట్టండి. ముందు సిద్ధాంతాల చరిత్ర రాయాలనిపిస్తుంది, రాయకండి. అది తెలుసని చూపించుకోవాలన్న యావ అది. నాకు ఇప్పటికీ పోలేదు. పైన ఆనందవర్ధనుణ్ని ఎందుకు తెచ్చానో ఆలోచిస్తే నాకే సిగ్గేస్తుంది.

పేపర్లో "కావున అన్ని సిద్ధాంతాలూ ముఖ్యమైనవే" అన్న వాక్యం కనపడితే మార్కులు తీసేస్తాను. అట్లా రాసినవాడు ఏ ఒక్కదాన్నీ ముఖ్యమనుకోలేదని నా నమ్మకం. మీరు ఒక పక్షం తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. ఎక్కడ తేల్చుకోలేకపోయారో అక్కడే రాయడం ఆపెయ్యండి, ముగింపు అతికించకండి.

ఈ అధ్యాయం రాస్తున్నప్పుడు ఆ ఎం.ఏ. పేపరు కోసం పాత పెట్టె వెతికాను. దొరకలేదు. కానీ వెతుకుతున్నంతసేపూ ఇంకో సంగతి గుర్తొస్తూ ఉంది. నాకు పదకొండేళ్లప్పుడు ఒక సాయంత్రం, అరుగు మీద అమ్మమ్మ బాలచంద్రుడి కథ చెబుతోంది. బొంగరం, నెత్తురు, మాట, గుర్రం, కత్తి, మాంచాల. చెప్పేటప్పుడు గొంతు వణికేది ఆమెకు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. బాలచంద్రుడు కారంపూడి చేరేసరికి నాయనమ్మ, నోట్లో వక్క ముక్క పక్కకు నెట్టి అడ్డం తగిలింది.

"అదంతా సరే వదినా. ఆ అన్నమ్మ కాలు మానిందా?"

అమ్మమ్మ కథ ఆపి చూసింది. "ఏమో వదినా. మావైపు ఎవరూ చెప్పలా" అంది.